విజన్ బోర్డు మీద లేని మాట

న్యాక్ బృందం వస్తోందంటే కాలేజీలో అందరికంటే ముందు పని పడేది ఫ్లెక్సీ షాపు వాడికి. ప్రిన్సిపాల్ గది బయట, లైబ్రరీ మెట్ల దగ్గర, ప్రతి డిపార్ట్‌మెంట్ తలుపు పక్కన విజన్, మిషన్ బోర్డులు కొత్తగా వెలుస్తాయి. శ్రేష్ఠత, సమగ్ర వికాసం, ప్రపంచ స్థాయి ప్రమాణాలు, విలువలతో కూడిన విద్య. ఈ మధ్య వీటితో పాటు 'సమ్మిళిత' అనే మాట కూడా చేరింది. కాలేజీ పేరు చెరిపేసి చదివితే అది గుంటూరుదో గువాహటిదో చెప్పడం కష్టం.

ఇవి ఎలా తయారవుతాయో అధ్యాపకులకు తెలియనిది కాదు. న్యాక్ ఆరో ప్రమాణంలో సంస్థ లక్ష్యం, నాయకత్వం గురించి రాయాలి. ఇంజనీరింగ్ కాలేజీలకైతే ఎన్‌బీఏ నివేదిక మొదలయ్యేదే విజన్, మిషన్‌తో. డిపార్ట్‌మెంట్‌కొకటి విడిగా ఉండాలి. ప్రోగ్రాం లక్ష్యాలకూ మిషన్‌లోని వాక్యాలకూ పొంతన ఎంతో 1, 2, 3 అని గళ్లలో అంకెలు వేయాలి. ఆ గళ్లు నింపే పని చాలాచోట్ల కాంట్రాక్టు మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్ నెత్తిన పడుతుంది. మంచి గ్రేడు వచ్చిన పక్క కాలేజీ ఫైలు ముందు పెట్టుకుని రాత్రికి రాత్రి ముగిస్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అడిగేది ఎవరో, తూచేది ఏమిటో అన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది.

అయితే ఈ మాటల డొల్లతనాన్ని నవ్వి వదిలేయలేం. ఎవరి పేరూ చెప్పని వాక్యాన్ని పట్టుకుని ఎవరూ నిలదీయలేరు. 'అందరికీ నాణ్యమైన విద్య' అని గోడ మీద రాసిన యాజమాన్యమే, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల సర్టిఫికెట్లు ఆపేస్తుంది. ఆ విద్యార్థి బోర్డు ముందు నిలబడి ఏమని అడగాలి? 'అందరికీ' అన్న మాటలో తానున్నాడో లేడో ఆ బోర్డు చెప్పదు. మన రాజ్యాంగం ఇలా దాటవేయలేదు. 46వ అధికరణ బలహీన వర్గాల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెబుతూ, అందులో షెడ్యూల్డు కులాలను, తెగలను పేరు పెట్టి ప్రస్తావించింది. పేరు పెట్టింది కాబట్టే దాన్ని చూపించి ప్రభుత్వాన్ని అడగగలుగుతున్నాం.

బాబాసాహెబ్ స్థాపించిన సంస్థల చరిత్రను ఈ కోణంలో మళ్లీ చదవాలి. 1924 జూలైలో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ ఏర్పడింది. ఎవరి హితం కోసమో పేరులోనే ఉంది. హాస్టళ్లు, గ్రంథాలయాలు, పారిశ్రామిక, వ్యవసాయ పాఠశాలలు తెరవడం దాని ఆశయాలలో ఉన్నాయి. అన్నీ కంటికి కనిపించేవి, లెక్కపెట్టగలిగేవి. 1925 జనవరిలోనే షోలాపూర్‌లో హాస్టల్ తెరుచుకుంది. ఆశయం రాసుకున్న ఆరు నెలలలోపే!

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వచ్చింది. మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాల మొదలైంది. పగలు ఉద్యోగం చేసుకునే విద్యార్థుల కోసం పొద్దున్నే తరగతులు పెట్టింది. పేదవాడికి చదువు అందాలన్న ఆశయం అక్కడ టైంటేబుల్‌గా మారింది. ఏ మ్యాట్రిక్స్‌లోనూ 3 వేయించుకోకుండానే మారింది. 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ఔరంగాబాద్‌లో పెట్టిన కళాశాలకు తర్వాత మిలింద్ అన్న పేరు స్థిరపడింది. భిక్షువు నాగసేనుణ్ణి ప్రశ్న మీద ప్రశ్న వేసి నిలదీసిన గ్రీకు రాజు మిలిందుడు. ఆ ప్రాంగణం పేరు నాగసేనవనం. అడిగేవాడి పేరు కళాశాలకు, జవాబు చెప్పేవాడి పేరు దాని ఆవరణకు. ఇంతకంటే స్పష్టమైన విజన్ స్టేట్‌మెంట్‌ను ఏ కన్సల్టెంటూ రాయలేడు.

తెలుగు నేల మీద ఈ పని ఇంకా ముందే జరిగింది. 1917లో బెజవాడలో పంచముల మహాసభ పేరుతో పిలిచిన సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములు అన్న పేరునే కాదని, దాన్ని ఆది ఆంధ్ర మహాసభగా మార్చారు. ఎదుటివాళ్లు అంటగట్టిన పేరును వదిలి, ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని చెప్పుకోవడమే ఆ సభ ఆశయ ప్రకటన అయింది. ఆదిహిందూ పాఠశాలలు ఆ దారిలోనే వచ్చాయి.

ఇప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గరికి వద్దాం. దాని చిహ్నం మీద ఒక సంస్కృత వాక్యం ఉంటుంది. విముక్తినిచ్చేదే విద్య అని దాని అర్థం. అదే క్యాంపస్ ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటకు పంపింది. 2016 జనవరి చలిలో వాళ్లు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. విశ్వవిద్యాలయం తన గురించి సంస్కృతంలో ఏం చెప్పుకుందో ఒకవైపు, అది ఆచరణలో ఏమిటో విద్యార్థులు తెలుగులో పెట్టిన పేరు మరోవైపు. ఆ ప్రాంగణాన్ని దేశమంతా గుర్తుపెట్టుకున్నది రెండో పేరుతోనే.

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ఇచ్చిన లెక్క ఒకటుంది. అంతకుముందు ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి మధ్యలోనే వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13 వేలకు పైనే. వేరే కోర్సులకు మారినవారు కూడా ఉంటారని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఉండవచ్చు. ఎవరు మారారు, ఎవరు తట్టుకోలేక వెళ్లిపోయారు అన్నది తెలుసుకుని చెప్పాల్సిన బాధ్యత మాత్రం 'సమ్మిళితం' అని రాసుకున్న సంస్థలదే. వివక్షపై ఫిర్యాదులు చూడటానికి సమాన అవకాశాల విభాగం, ఒక అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధనలు తెచ్చింది. అవి సరిగ్గా అమలు కావడం లేదని 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టినవాళ్లు ఇద్దరు తల్లులు. రాధికా వేముల, ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీని కోల్పోయిన ఆబేదా తడ్వీ. విజన్ బోర్డుకు దొరికిన గోడ, ఆ అధికారి పేరు రాయడానికి ఎన్ని కాలేజీల్లో దొరికింది?

మిషన్‌లో కులం ప్రస్తావన తెస్తే విద్యాసంస్థ చీలిపోతుందని వాదించేవారున్నారు. అడ్మిషన్ ఫారంలో, ఫీజు రసీదులో, ర్యాంకు అడిగే సహవిద్యార్థి నోట్లో కులం ఉన్నప్పుడు ఈ చీలిక గుర్తుకురాదు. బోర్డు మీదికి వచ్చినప్పుడే వస్తుంది!

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 'బోధించు, సమీకరించు, పోరాడు' అని లెటర్‌హెడ్ మీద అచ్చు వేసుకున్న సంఘాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ మూడు మాటల వరుస ఏమిటన్నదాని మీద చర్చలు రాత్రంతా సాగుతాయి. ఈ ఏడాది ఎంతమందికి ట్యూషన్ చెప్పాం, ఎన్ని స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపించాం, కార్యవర్గంలో ఎందరు మహిళలు అని అడిగితే చాలాచోట్ల మౌనమే. షోలాపూర్ హాస్టల్ ప్రమాణం కాలేజీలకే కాదు, మనకూ వర్తిస్తుంది.

విద్యార్థి సంఘాలు, దళిత బహుజన అధ్యాపకులు ఈ ఏడాది నుంచే చేయగలిగిన పని ఒకటుంది. కాలేజీ నాణ్యతా విభాగం, అంటే ఐక్యూఏసీ సమావేశంలో విజన్, మిషన్ సమీక్ష ఎజెండాకు వచ్చినప్పుడు రాతపూర్వకంగా సవరణ ప్రతిపాదించాలి. ఏ వర్గాల విద్యార్థులను చేర్చుకుని చివరి సెమిస్టర్ దాకా నిలబెడతామో పేర్లతో రాయమనాలి. దాని కింద చేరినవారు, పూర్తిచేసినవారు, మధ్యలో ఆగినవారి సంఖ్య ఏటా ఉంచమనాలి. బ్యాక్‌లాగ్ అధ్యాపక పోస్టుల లెక్క, వివక్షపై ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, ఫోన్ నంబరు తెలుగులో అదే బోర్డు మీద రాయమనాలి. తిరస్కరిస్తే, ఎందుకు తిరస్కరించారో మినిట్స్‌లో నమోదు చేయించాలి. న్యాక్ బృందం విద్యార్థులతో మాట్లాడే సమయం ఒకటుంటుంది. ఆ మినిట్స్ ప్రతి అప్పుడు చేతిలో ఉండాలి.