గార కాదు, నీటి గుర్తు

తెలుగు బోధించు మాకు రసాయనశాస్త్రముతో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చును. తప్పు మాటను దిద్దుట మా వృత్తియే గదా! మేము దిద్దదలచిన మాట 'గారపండ్లు'.

సోడియం ఫ్లోరైడు తెల్లని లవణము; వాసన లేదు, నీటిలో కరుగును. ఒకప్పుడు బొద్దింకల మందుగా వాడిరి. చక్కెర పరీక్షకు రక్తము పట్టు బూడిదరంగు మూత గొట్టములో ఇదే యుండి, రక్తకణములు చక్కెరను ఖర్చు చేయకుండ ఆపును. టూత్‌పేస్టులో కొంచెముగా చేరి పిప్పిపండ్లను నివారించును. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరము దీనిని కొలిచి తాగునీటిలో కలిపినది.

అక్కడ కొలిచి కలిపిన ఫ్లోరైడు, మన సీమలో కొలత లేకుండ రాతినుండియే వచ్చుచున్నది. పత్తికొండ వైపు, రాయచోటి వైపు నేల అడుగున గ్రానైటు రాయి కలదు. అట్టి రాతిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు బోరునీటిలోనికి దిగును. లీటరుకు 1 మిల్లీగ్రాము మేలనియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశ ప్రమాణము. అది మించిన నీరు పసితనమున త్రాగినచో, లోపల పెరుగుచున్న పన్ను పింగాణిపైననే మచ్చ పడును. ఏండ్ల తరబడి మిక్కిలిగా త్రాగినచో కీళ్ళు బిగియును, నడుము వంగును. మన దేశమున ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే మొదట గుర్తించిరి.

కావున ఆ మచ్చ గార కాదు. వేపపుల్ల అరిగినను, మిస్వాకు అరిగినను పోదు. వుజూలో దినమునకు అయిదుమార్లు నోరు పుక్కిలించు బిడ్డకును ఉండవచ్చును. అట్టివానిని మురికివాడని వెక్కిరించుట, పెండ్లిచూపులలో పిల్లను నోరు తెరవనీయక సిగ్గుపరచుట అన్యాయము. దోషము బిడ్డది కాదు, బోరుది.

నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. పటిక, సున్నము వేసి తేర్చు 'నల్గొండ పద్ధతి'ని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించినది. అయితే ఏ బోరున ఎంత యున్నదో ముందు తెలియవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ యేడు ప్రతి విద్యార్థి తన ఊరి బోరునీటిని ఒక సీసాడు తెచ్చుగాక, రసాయనశాఖ పరీక్షించుగాక. దానికి కావలసిన సామగ్రిని కమిటీ సమకూర్చవలెను. ఫలితములను తెలుగు, ఉర్దూ శాఖలు రెండు భాషలలో వ్రాసి ఆయా పంచాయతీలకు పంపును. ఆ వ్రాతపని మాది.