ముద్ర ఎవరిది? ప్రమాణము ఎవరిది?

భిలాయి సెక్టర్ 2 లో కుమారుని క్వార్టరులో నివసించుచున్న ఒక వృద్ధురాలు ఇటీవల మా వద్దకు వచ్చిరి. ఆమె భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి మరణించెను. సర్వీసు పుస్తకములో ఆమె పేరు ఒక విధముగను, రేషను కార్డులో మరొక విధముగను ఉన్నది. రెండును ఒకే వ్యక్తి పేర్లని ప్రమాణ పత్రము వ్రాయించి కుటుంబ పెన్షన్ కొరకు దాఖలు చేసిరి. నెలలు గడిచిన పిమ్మట కాగితము తిరిగి వచ్చెను. దానిపై సంతకము చేసిన వకీలు సన్నదు రద్దయినదట, కావున ఆ పత్రము చెల్లదట. “అబద్ధం నేనాడలేదు గదా బాబూ! ఆ ప్లీడరు చేసిన తప్పుకి నా పింఛను ఎందుకు ఆపినారు?” అని ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుట మన బాధ్యత.

వకీలు అయినంత మాత్రమున ఎవరికిని ప్రమాణము చేయించు అధికారము రాదు. ఈ విషయము మనలో పలువురికి తెలియదు. సివిల్ ప్రొసీజరు కోడ్ 139వ సెక్షను ప్రకారము ప్రమాణము చేయించగలవారు కోర్టు లేక మేజిస్ట్రేటు, 1952 నాటి చట్టము క్రింద నియమితుడైన నోటరీ, హైకోర్టు నియమించిన అధికారి లేక వ్యక్తి, ప్రభుత్వ అనుమతితో ఇతర కోర్టులు నియమించిన అధికారి. ఈ జాబితాలో ‘వకీలు’ అను మాట లేదు. కావున మొదట అడుగవలసినది సన్నదు ఉన్నదా పోయినదా అని కాదు. ఆయన ఏ హోదాలో సంతకము చేసెను అని అడుగవలెను.

ఆయన పత్రమును వ్రాసి, “ఈమెను నేనెరుగుదును” అని గుర్తింపు సంతకము మాత్రమే చేసి, ప్రమాణమును వేరొక నోటరీ సక్రమముగా చేయించియుండవచ్చును. అప్పుడు లోపము గుర్తింపులో ఉన్నదే గాని ప్రమాణములో లేదు. ప్రమాణము చేయించు విధానములో క్రమభంగము జరిగినంత మాత్రమున విచారణ చెడదనియు, సాక్ష్యము పనికిరాకుండ పోదనియు 1969 నాటి ప్రమాణముల చట్టము 7వ సెక్షను చెప్పుచున్నది. ఇటువంటి పత్రమును మొత్తముగా త్రోసివేయుట అన్యాయము. గుర్తింపును మరొకసారి చేయించిన చాలును.

ఆయనయే నోటరీ అయినచో విషయము కొంత చిక్కుగా ఉండును. న్యాయవాదుల జాబితా బార్ కౌన్సిల్ చేతిలో ఉండును, నోటరీల రిజిస్టరు ప్రభుత్వము చేతిలో ఉండును. 1961 నాటి న్యాయవాదుల చట్టము 35వ సెక్షను క్రింద బార్ కౌన్సిల్ పేరు తొలగించిన దినముననే నోటరీ రిజిస్టరులో కూడ పేరు తొలగునని అనుకొనరాదు. దానికి నోటరీల చట్టము 10వ సెక్షను క్రింద వేరుగా చర్య జరుగవలెను. ఈ నడుమ ఆయన వద్దకు పోయిన సామాన్యుని గతి ఏమి?

ఇచ్చట మన ఆంధ్ర ప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసు దారి చూపుచున్నది. గోకరాజు రంగరాజు కేసులో సుప్రీంకోర్టు 1981లో తీర్పు చెప్పెను. సెషన్సు జడ్జీల నియామకము చెల్లదని తేలిన పిమ్మట, అంతకు పూర్వము వారిచ్చిన తీర్పులు నిలుచునా అనునది అందలి ప్రశ్న. నిలుచునని జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి వ్రాసిరి. అధికారము గలదను న్యాయమైన ఆధారముతో పదవిలో ఉండి చేసిన పనులు, ఆ నియామకములో లోపము తరువాత బయటపడినను, ప్రజల హితము కొరకు చెల్లును. అయితే ఏ ఆధారమును లేక పదవిని ఆక్రమించిన వానికి ఈ రక్షణ లేదు. జడ్జీ తీర్పునకే ఇది వర్తించినప్పుడు, రిజిస్టరులో పేరున్న నోటరీ ముద్రను నమ్మిన వితంతువునకు వర్తింపకుండుటకు కారణము మాకు కనిపించుట లేదు.

ఇక ఆయన ఎన్నడును నోటరీ కానిచో, లేదా రిజిస్టరు నుండి తొలగింపబడిన పిమ్మట పాత ముద్రతోనే వ్యాపారము సాగించుచున్నచో, నిజము దాచుట తగదు. అది ప్రమాణ పత్రము కాదు, సంతకము చేసిన మామూలు కాగితము. దానిని పట్టుకొని వాదించుచు కాలము పోగొట్టుకొనరాదు, వెంటనే మరల ప్రమాణము చేయవలెను. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలుకు పోవుటకు సాధారణముగా ఒక సంవత్సరమే గడువు ఉన్నది. ఆలస్యమును మన్నింపుమని అడుగవచ్చును గాని ఆ మన్నింపు మన హక్కు కాదు.

సన్నదు పోయిన వారందరు మోసగాండ్రని మేము చెప్పుట లేదు. రాజద్రోహ నేరము మోపి శిక్షించిన పిమ్మట గాంధీజీ పేరును 1922లో లండన్ ఇన్నర్ టెంపుల్ తన జాబితా నుండి తీసివేసెను, 1988లో గాని తిరిగి చేర్చలేదు. ప్రశ్న వ్యక్తి శీలమును గూర్చినది కాదు, ఆ దినమున ఆయనకు గల అధికారమును గూర్చినది.

మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. కోర్టు గేటు వద్ద స్టాంపు కాగితము కొని, దళారి చేతికిచ్చి, సాయంకాలము ముద్ర వేయించి తెచ్చుకొనుట మన శాఖలలో అలవాటైనది. ప్రమాణము చేయువారు నోటరీ ఎదుట నిలువనే లేదు, చదివి వినిపించిన వారును లేరు. ముద్ర వేసిన వాని సన్నదు నిష్కళంకముగా ఉన్నను అట్టి పత్రము బోలుదే. పత్రములో అబద్ధమున్నచో శిక్ష పడునది ప్రమాణము చేసిన వారికి గాని దళారికి కాదు. శాఖా కార్యదర్శులు ఈ అలవాటును మాన్పింపవలెను. నోటరీ పేరు, ప్రాంతము, ప్రభుత్వము పేరు ముద్రలో ఉన్నవా, ఆయన రిజిస్టరులో వరుస సంఖ్య పడినదా అని చూచి తీసుకొనవలెను.

అయినను భారమంతయు పేదవారిపై మోపుట న్యాయము కాదు. శ్రీకాకుళములోనో విశాఖలోనో వ్రాయించిన పత్రము బిలాసపూరులోని కార్యాలయమునకు చేరును. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ ఏ దినమున ఎవరి పేరు తొలగించెనో దుర్గ్ జిల్లాలోని వితంతువునకు ఎట్లు తెలియును? తొలగింపబడిన న్యాయవాదుల, నోటరీల పేర్లను ప్రతి కోర్టు ఆవరణలోను స్థానిక భాషలో ప్రకటింపవలెను. ఆక్షేపణ ఉన్నచో కార్యాలయము పత్రమును నెలల తరబడి ఉంచుకొనక వెంటనే తెలిపి, సరిచేయుటకు వ్యవధి ఇచ్చి, మొదట దాఖలు చేసిన తేదీనే లెక్కింపవలెను. చట్టము కోరని చోట ప్రమాణ పత్రము అడుగుట మానవలెను. స్వీయ ధ్రువీకరణను అంగీకరింపుమని కేంద్ర ప్రభుత్వము 2014లోనే శాఖలకు సూచించినది. ఆ సూచన గుమాస్తా బల్ల వరకు ఇంకను దిగిరావలసియున్నది.

ఆ వృద్ధురాలు మరల ప్రమాణము చేసిరి. ఈ మారు మా కార్యకర్త వెంట ఉండి, నోటరీ ఎదుట నిలిపి, ప్రతి వాక్యము చదివించి వినిపించెను. మొదటి పత్రములో ఆమె చెప్పిన మాటయే రెండవ దానిలోను ఉన్నది, ఒక్క అక్షరము మారలేదు. ఆమె సత్యమునకు లోటు రాలేదు, జరిగిన ఆలస్యమునకు మాత్రము జవాబు రావలసియున్నది. పోయిన నెలల పెన్షన్ మొదటి తేదీ నుండి లెక్కగట్టి ఇప్పించువరకు ఈ విషయమును మేము విడువము.