స్థలం మారితే దశ తిరుగుతుందా?

చికాగోలో ఉండే నా మిత్రుడొకడు అక్టోబర్ వచ్చిందంటే అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట మాట్లాడడు. పోయిన అక్టోబర్‌లో ఫోన్ చేసి, ఏదో జట్టులో ఉన్న ఒక కుర్ర రిసీవర్ గురించి అడిగాడు. "మంచి ప్రతిభ ఉన్నవాడు, అక్కడ రాణించడం లేదు. మా జట్టు అతన్ని తెచ్చుకుంటే తప్పేమిటి? స్థలం మారితే అతనే పుంజుకుంటాడు!" నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్ వచ్చినప్పుడు, వాస్తు కోసం వీధి గుమ్మం మార్పించిన తన బావగారిని గంటసేపు ఎగతాళి చేసింది ఇతనే మరి.

ఈ ఆట తెలియనివారికి ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరుగెత్తి అందుకుంటాడు. కాలేజీ కుర్రాళ్లను జట్లు ఏటా డ్రాఫ్ట్ అనే పద్ధతిలో ఏడు రౌండ్లలో వరసగా ఎంచుకుంటాయి. ఆ ఎంపిక అవకాశాలే జట్ల మధ్య బేరాల్లో డబ్బులాగా చెల్లుతాయి. సీజన్ మధ్యలో జరిగే ఈ బేరాలకు నవంబర్ మొదట్లో గడువు ముగుస్తుంది. అందుకే అక్టోబర్‌లో అంత హడావిడి.

నా మిత్రుడి బ్రహ్మాస్త్రం జెర్రీ జూడీ. ఇతన్ని 2020లో డెన్వర్ బ్రాంకోస్ మొదటి రౌండ్‌లోనే, 15వ స్థానంలో తీసుకుంది. నాలుగేళ్లలో ఒక్క సీజన్‌లోనూ అతను వెయ్యి గజాలు దాటలేదు. 2024 మార్చిలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఒక అయిదో రౌండ్, ఒక ఆరో రౌండ్ అవకాశం ఇచ్చి అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌లో 90 క్యాచ్‌లు, 1,229 గజాలు! డిసెంబర్‌లో పాత జట్టు డెన్వర్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 235 గజాలు. "చూశావా?" అన్నాడు మిత్రుడు.

చూశాను. అయితే అతను చూడనిది ఇంకొకటుంది. 2023లో డెన్వర్‌లో జూడీ వైపు విసిరిన బంతులు 87, వచ్చినవి 758 గజాలు. 2024లో క్లీవ్‌లాండ్‌లో విసిరినవి 145. భాగహారం చేసి చూడండి. డెన్వర్‌లో బంతికి 8.7 గజాలు, క్లీవ్‌లాండ్‌లో 8.5. అంటే మనిషి మారలేదు, అతని దశా తిరగలేదు. అతనికి దక్కిన అవకాశాలు పెరిగాయి, అంతే. అక్కడి సీనియర్ రిసీవర్ అమారీ కూపర్‌ను సీజన్ మధ్యలో వేరే జట్టుకు ఇచ్చేశారు. క్వార్టర్‌బ్యాక్ గాయపడితే జేమిస్ విన్‌స్టన్ వచ్చాడు. ఇవీ కారణాలు. మరుసటి ఏడు, 2025లో, అదే స్థలంలో అదే జూడీ ఏడు వందల గజాలు కూడా దాటలేదు.

ఇక మిత్రుడు తలవని పేరు నేను తలిచాను. చేస్ క్లేపూల్. పిట్స్‌బర్గ్‌లో 2020లో, ఆడిన మొదటి ఏడాదే, మెరిసి తర్వాత మందగించిన కుర్రాడు. ఇదే మాట, "స్థలం మారితే పుంజుకుంటాడు" అనే మాటే చెప్పుకుని, 2022 నవంబర్ 1న మిత్రుడి అభిమాన జట్టు చికాగో బేర్స్ రెండో రౌండ్ అవకాశం ఇచ్చి అతన్ని తెచ్చుకుంది. పది మ్యాచ్‌లలో 18 క్యాచ్‌లు, 191 గజాలు. 2023 అక్టోబర్‌లో నామమాత్రపు ధరకు మయామీకి పంపేసింది. చికాగో ఇచ్చిన ఆ అవకాశంతో పిట్స్‌బర్గ్ జోయ్ పోర్టర్ జూనియర్ అనే మంచి డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకుంది.

జ్యోతిష్కుడి దగ్గరా జరిగేది ఇదే కదా! ఫలించిన జోస్యం పదిమందికీ చెప్పుకుంటాం, ఫలించనిది మరిచిపోతాం. జూడీ గుర్తున్నాడు, క్లేపూల్ గుర్తులేడు. అది కూడా సొంత జట్టువాడు!

నాకు అసలు అభ్యంతరం "ప్రతిభ" అనే మాటను వాడే తీరు మీద. బాగా ఆడితే "ప్రతిభ బయటపడింది" అంటారు. ఆడకపోతే "ప్రతిభ ఉంది, ఇంకా బయటపడలేదు" అంటారు. ఏం జరిగినా ఓడిపోని సిద్ధాంతం ఏమీ చెప్పని సిద్ధాంతమే. డ్రాఫ్ట్‌లో వచ్చిన నంబరు ఇరవై రెండేళ్ల కుర్రాడి నుదుటి రాత అయిపోతుంది. బారీ స్టా, హా హోవాంగ్ అనే పరిశోధకులు 1995లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌ను పరిశీలించారు. ఆటతీరును లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, డ్రాఫ్ట్‌లో ముందు ఎంపికైనవారికే ఎక్కువ ఆట సమయం దక్కుతోందని తేల్చారు. జట్లు తాము పెట్టిన ఖరీదును చూస్తున్నాయి తప్ప మనిషిని కాదు. ఇందులో నష్టపోయేది ముందు వరసలో కూర్చున్నవాడు కాదు. ఆరో రౌండ్‌లో వచ్చి, బాగా ఆడుతూ కూడా బెంచీ మీద మిగిలిపోయే కుర్రాడు. పుట్టుకతో వచ్చిన ముద్ర మనిషిని జీవితాంతం వెంటాడే దేశంలో ఉన్న మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

అలాగని జట్టు మారడమూ వాస్తూ ఒకటే అనను. అలా అంటే నేనూ మూఢంగా వాదించినట్టే. గుమ్మం తూర్పుకి తిప్పితే గుమ్మం తప్ప ఏమీ మారదు. జట్టు మారితే బంతి విసిరేవాడు మారతాడు, కోచ్ మారతాడు, పోటీపడే సహచరులు మారతారు. ఇవి కొలవగల కారణాలు. కాబట్టి కుర్రాణ్ణి తీసుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఏ కారణం మారబోతోందో పేరుపెట్టి చెప్పగలిగితే తీసుకోండి. ఏం జరిగితే "పొరపాటు చేశాం" అని ఒప్పుకుంటారో ముందే రాసిపెట్టుకోండి. పోయినా బాధ లేని ధర ఇవ్వండి. అయిదో రౌండ్ అయితే సరే, రెండో రౌండ్ వద్దు.

ఇదంతా చెప్పి మిత్రుణ్ణి అడిగాను, "ఇంతకీ మీ దగ్గర అతనికి ఏం మారుతుంది?" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాత జట్టులో అతని వైపు బంతులు తక్కువ విసురుతున్నారేమో, లెక్క చూసి చెబుతాను" అన్నాడు.

లెక్క చూశాక అతను "కొనాలి" అన్నా నాకు అభ్యంతరం లేదు. స్థలం మహిమ గురించి మొదలుపెట్టినవాడు లెక్క చూస్తానన్నాడు, నాకు అది చాలు. ఇక ఈసారి వాళ్ల బావగారి గుమ్మం గురించి కూడా ఇదే ప్రశ్న అడగమని చెప్పాను.