పప్పు బాగా ఉడికిందని నీళ్లు మంచివనుకోవద్దు
ప్రతి తాగునీటి బోరుకీ ఏటా రెండు పరీక్షలు చేయించాలి, ఫలితం ఊరందరికీ కనబడాలి

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల గ్రామస్థులకు, సర్పంచులకు, వార్డు సభ్యులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు మనవి.

మన నీళ్లలో ఫ్లోరైడు ఉందన్నది పాత మాటే. ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇక్కడి మనుషుల వంగిన వెన్నులనూ బిగుసుకుపోయిన కీళ్లనూ చూసి, దానికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడని తేల్చి రాశారు. దాదాపు తొంభై ఏళ్లు గడిచాయి. ఈ రోజుకీ ఏ ఊళ్లోనైనా రచ్చబండ దగ్గర నిలబడి "మీరు తాగే బోరులో ఫ్లోరైడు ఎంత?" అని అడిగితే అంకె చెప్పగలిగేవాళ్లు అరుదు. ఈ పరిస్థితి మారాలి.

నీళ్ల మంచిచెడ్డలు మనం నాలుకతో తేలుస్తాం. ఉప్పగా ఉంటే చెడ్డవి. పప్పు ఉడక్కపోతే, సబ్బు నురగ రాకపోతే చెడ్డవి. తియ్యగా ఉండి పప్పు ఇట్టే ఉడికితే మంచివి. ఫ్లోరైడు విషయంలో ఈ లెక్క మనల్ని నిలువునా మోసం చేస్తుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే పప్పు ఉడకదు. అదే కాల్షియం ఫ్లోరైడును పట్టుకుని, నీళ్లలో అది ఒక హద్దు దాటకుండా ఆపుతుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బనేటు ఎక్కువైన నీళ్లలో ఆ అడ్డు ఉండదు. అంటే వంటకు బాగా పనికొచ్చే నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉండే అవకాశముంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇది మన రాళ్లలోంచి వచ్చేదే. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైటు అనే ఖనిజం ఉంది. నల్ల అభ్రకంలోనూ ఫ్లోరైడు ఉంటుంది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, పై పొరలోని మెత్తబడిన రాయి గుండా కిందికి దిగి, గట్టి రాతి పగుళ్లలో చేరుతుంది. అక్కడ ఎంత ఎక్కువకాలం నిలిస్తే రాతిని అంతగా కరిగించుకుంటుంది. మనది ఎండ దేశం కాబట్టి పై మట్టిలో నీరు ఆవిరై, కాల్షియం తెల్లటి సున్నపు గడ్డలుగా అక్కడే మిగిలిపోతుంది. కాల్షియం పోయిన నీరు కిందికి దిగి ఫ్లోరైడును స్వేచ్ఛగా మోస్తుంది.

ఒక్కో బోరు ఒక్కో పగులును తాకుతుంది కాబట్టి పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు. ఒకే బోరులోనూ అంకె నిలకడగా ఉండదు. వానలు పడ్డాక కొన్నిచోట్ల కొత్త నీరు చేరి తగ్గుతుంది, కొన్నిచోట్ల మట్టిలో పేరుకున్న లవణాలు కడుక్కుపోయి పెరుగుతుంది. ఎప్పుడో బోరు వేసిన రోజు చేయించిన పరీక్ష కాగితాన్ని పట్టుకుని పిల్లలకు నీళ్లు తాగించడం తగదు.

మేము కోరేది ఇదీ: మే నెలలో నీరు అడుగంటినప్పుడు ఒకసారి, నవంబరులో వానలు పడ్డాక ఒకసారి, ప్రతి తాగునీటి బోరుకీ పరీక్ష చేయించాలి. ఫ్లోరైడుతో పాటు ఆ రోజు నీటిమట్టం, బోరు లోతు కూడా రాసిపెట్టాలి. ఫలితాన్ని బోరు దిమ్మె మీద పెయింటుతో పెద్దక్షరాల్లో తేదీతో సహా రాయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే తాగొచ్చు. వేరే దిక్కులేనప్పుడు 1.5 వరకు మన దేశ ప్రమాణాలు అనుమతిస్తాయి. ఆ పైన ఉంటే ఆ బోరు బట్టలకూ గిన్నెలకూ మాత్రమే.

రైతులకు ఇదంతా చేతనవుతుందా అనేవాళ్లకు మన ప్రాంత చరిత్రే జవాబు. రెండు వేల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం నడిచింది. అప్పటి ప్రకాశం జిల్లా కూడా అందులో ఉంది. రైతులు తామే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఊరి నీటి లెక్క కట్టి రబీలో ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. ఫ్లోరైడు పరీక్ష అంతకంటే కష్టమేమీ కాదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్టు మీద శిక్షణ ఇవ్వాలని నిబంధన ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో అడగండి. కిట్టులో హద్దు దాటిందనిపించిన ప్రతి నమూనానూ ప్రయోగశాలకు పంపాలి.

మేం క్యాను నీళ్లు తాగుతున్నాం కదా అంటారు. క్యాను కొనలేని ఇళ్లున్నాయి, కొన్న ఇళ్లలోనూ వంట బోరు నీళ్లతోనే. పైగా క్యాను నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు బయటికి వదిలే నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉంటుంది. దాన్ని గుంటల్లోకి వదిలితే తిరిగి మన బోర్లలోకే దిగుతుంది. ఆ నీరు ఎటు పోతోందో పంచాయతీ అడిగి తీరాలి. కుళాయికి నాగార్జునసాగర్ నీళ్లు వచ్చే ఊళ్లు కూడా, సరఫరా ఆగిన రోజు ఏ బోరు దగ్గరికి పరుగెత్తుతాయో ముందే తెలుసుకోవాలి.

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. నమూనా తీసేటప్పుడు బోరును కొన్ని నిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి పట్టండి. సీసా మీద బోరు గుర్తు, తేదీ రాయండి. బడి బోరుతోనూ అంగన్‌వాడీ బోరుతోనూ మొదలుపెట్టండి. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు రాకముందే, చిగుళ్ల లోపల అవి తయారవుతున్న వయసులోనే ఫ్లోరైడు పిల్లల పళ్ల మీద గార వేస్తుంది.