చేత్తో పెడితేనే మోడ్డా?

మన ఐటీ జనాల్లో ఒక వింత జాతి ఉంది. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద ఎవడైనా చేత్తో ఒక్క ఫైలు మార్చాడంటే చాలు, రూట్ కాజ్ అంటూ మూడు మీటింగులు పెడతాడు. అదే మనిషి ఇంటికొచ్చి స్కైరిమ్ డేటా ఫోల్డర్లోకి నలభై జిప్ ఫైళ్ళు విప్పి పోసి, విండోస్ "రీప్లేస్ చెయ్యనా?" అని అడిగితే కళ్ళు మూసుకుని "అన్నీ చెయ్" అని నొక్కేస్తాడు. పైగా అదేదో ఘనకార్యంలాగా, "మేనేజర్లు పిల్లకాయలకి బాస్, మనదంతా మాన్యువలే" అంటాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

జరిగేదేంటో చూడండి. రెండు మోడ్లలో ఒకే పేరు, ఒకే దారి ఉన్న టెక్స్చర్ ఫైలుంది. రెండోది కాపీ చెయ్యగానే మొదటిది డిస్కు మీంచి పోయింది. రేపు రెండో మోడ్ నచ్చక తీసేస్తే మొదటిది తిరిగి రాదు, ఖాళీ మిగుల్తుంది. అసలు ఏ ఫైలు ఏ మోడ్‌దో చెప్పే కాగితం ముక్క ఎక్కడా లేదు.

మాది భద్రాచలం, కాబట్టి మా ఊరి ఉదాహరణే చెప్తా. 2014లో పోలవరం ముంపు కోసమని ఖమ్మం జిల్లా మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం ఊరిని తెలంగాణలో ఉంచి, చుట్టూ ఉన్న మండలాన్ని అటు వేశారు. ఊరు దాటితే ఎటపాక, అది వేరే రాష్ట్రం. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు, ఈ అయిదూ వెనక్కివ్వండి మహాప్రభో అని ఇటువాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే వచ్చారు. ఏది సబబో ఆ రాజకీయం నాకొద్దు. ఓవర్‌రైట్ చెయ్యడానికీ వెనక్కి తిప్పడానికీ పట్టే కాలం ఒకటి కాదని మావాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

"చెడిపోతే మళ్ళీ దింపుకుంటాం, ఏం పోయింది?" అంటాడు హైదరాబాదులో ఫైబర్ పెట్టించుకున్న బాబు. స్టీమ్‌లో ఫైళ్ళు సరిచూసే బటన్ నొక్కితే అసలు ఫైళ్ళు బాగవుతాయి, నిజమే. కానీ మోడ్లు కొత్తగా తెచ్చి పడేసిన ఫైళ్ళని అది ముట్టుకోదు. అవి అక్కడే దయ్యాల్లా ఉంటాయి. చివరికి మొత్తం ఊడబెరికి, దాదాపు 12 జీబీ మళ్ళీ దింపాలి. మా బావమరిది ఇంకా భద్రాచలంలోనే ఉన్నాడు, వాడి నెట్టంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద. రోజుకి రెండు జీబీ ప్యాకు అంటే ఆరు రోజులు, అదీ ఇంట్లో ఇంకెవరూ యూట్యూబ్ చూడకపోతే. ఇక వానాకాలం సంగతి సరే సరి. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎవడైనా గేమ్ డౌన్‌లోడ్ గురించి మాట్లాడితే కొట్టేవాళ్ళు. ఆ సర్దుబాటు లేనివాడికే మేనేజర్ ఎక్కువ అవసరం.

"బావా, దానికి మళ్ళీ నెట్టు కావాలిగా?" అన్నాడు వాడు. అక్కర్లేదురా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న జిప్‌ని కూడా తీసుకుంటుంది అన్నాను.

లోపల పని చాలా తెలివైనది. మాడ్ ఆర్గనైజర్ 2 ఒక్కో మోడ్‌ని దాని సొంత ఫోల్డర్లో ఉంచుతుంది. గేమ్ నడిచేటప్పుడు మాత్రం అన్నీ డేటా ఫోల్డర్లోనే ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. గేమ్ కట్టేస్తే భ్రమ పోతుంది, అసలు ఫోల్డర్ చెక్కుచెదరదు. వోర్టెక్స్ మామూలుగా హార్డ్‌లింకులు వాడుతుంది, అంటే ఒకే ఫైలుకి రెండు పేర్లు, చోటు రెట్టింపు కాదు. (అందుకే దాని ఫోల్డర్ గేమ్ ఉన్న డ్రైవ్‌లోనే ఉండాలి, ఇది తెలీక తిట్టేవాళ్ళు బోలెడు.) గొడవపడే రెండు మోడ్లలో ఏది గెలవాలో మీరు చెప్తారు. ఓడినది చావదు, పక్కన కూర్చుంటుంది.

"చేత్తో చేస్తేనే నేర్చుకుంటాం" అన్నది అవతలివాళ్ళ గట్టి వాదన. ఇది కొంత నిజమే. జిప్ విప్పి లోపల మెష్‌లు, టెక్స్చర్లు, ప్లగిన్లు ఎలా ఉంటాయో ప్రతి కుర్రాడూ ఒకసారి చూడాలి. నేర్చుకోడానికి డెవ్ మెషీన్ ఉంటుందండీ, ప్రొడక్షన్ మీద ప్రయోగాలెందుకు? పైగా ఏ రెండు మోడ్లు దేని కోసం కొట్టుకుంటున్నాయో మేనేజరే జాబితా వేసి చూపిస్తుంది, కాపీ పేస్టులో అది కనపడదు.

అలాగని ఒక్క క్లిక్కుతో మూడొందల మోడ్లు కుమ్మరించే కలెక్షన్లని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. అక్కడ ఎవడూ ఏమీ చదవడు. మేనేజర్ కాపలాదారు కూడా కాదు. 2015లో జీటీఏ 5 యాంగ్రీ ప్లేన్స్ మోడ్‌లో మాల్వేర్ దొరికింది, అది చేత్తో పెట్టుకునేది. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మోడ్లలో ఫ్రాక్చరైజర్ దొరికింది, అది కర్స్‌ఫోర్జ్ లాంటి చోట నుంచే వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఫాలౌట్ 4 అప్‌డేట్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ మోడ్లని కూలదోసినప్పుడు కూడా రెండు వర్గాలూ సమానంగానే ఏడ్చాయి.

నా పేచీ చేతితో కాదు, అసలు ఫైలు మీద రాయడంతో. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో మోడ్ అంటే సాధారణంగా ఒక్క ఎస్‌సీఎస్ ఫైలు, మోడ్ ఫోల్డర్లో చేత్తో పడేస్తే చాలు. వరస గేమే అడుగుతుంది, వద్దంటే డిలీట్. అక్కడ మాన్యువల్ అన్నవాడితో నాకు తగువు లేదు. శాన్ ఆండ్రియాస్‌లో జీటీఏ3 ఇమేజ్ ఫైలు తెరిచి బండి బొమ్మలు మార్చేవాడితో ఉంది, వాడికి మోడ్‌లోడర్ ఉంది కాబట్టి. స్కైరిమ్‌లో కూడా మాడ్ ఆర్గనైజర్ చూసేది డేటా ఫోల్డర్‌నే. స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ లోడరూ డీఎల్ఎల్లూ గేమ్ ఈఎక్స్ఈ పక్కన ఉండాలి గనక వాటిని చేత్తోనే పెట్టండి, ఏవేం పెట్టారో ఒక నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి.