కాలి సిరలో రక్తపు గడ్డ: ఏ మందు మేలు?

"మావారికి కాలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఒక డాక్టరుగారు పాత బిళ్ల వాడమన్నారు, మరొకరు కొత్తది మంచిదన్నారు. ఏది వాడాలి?" అని దివిసీమ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న.

ముందుగా పాఠకులందరికీ ఒక మాట. మన డెల్టాలో కాలు వాస్తే బోదకాలనుకుని నూనె రాసి మర్దనా చేస్తారు. ఉన్నట్టుండి ఒక కాలే వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మర్దనా చేయకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. లోపలి సిరలోని గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

రక్తం పలచబరిచే మందులని పేరేగాని, ఇవి రక్తాన్ని నీళ్లు చేయవు. గడ్డ పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని శరీరమే చూసుకుంటుంది.

పాతవి వార్ఫరిన్, ఎసినోకుమరాల్. వార్ఫరిన్ 1954 నుంచి వైద్యంలో ఉంది. ధర తక్కువ. పని అందుకోవడానికి కనీసం అయిదు రోజులు పడుతుంది కనుక అంతవరకు హెపారిన్ ఇంజెక్షన్లు కావాలి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచు చేయించి, అంకె 2, 3 మధ్య ఉండేలా మోతాదు సరిచేయాలి. తోటకూర, మునగాకు మానక్కర్లేదు, రోజూ ఒకే మోస్తరుగా తినండి.

కొత్తవి రివరాక్సబాన్, ఎపిక్సబాన్. వీటికి ఆ పరీక్ష అక్కర్లేదు. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తీవ్ర రక్తస్రావం వార్ఫరిన్ పద్ధతిలో వెయ్యికి 18 మందికి, ఎపిక్సబాన్‌తో 6 మందికి కలిగింది. గడ్డను అరికట్టడంలో కొత్తది పాతదానికి తీసిపోలేదు. అయితే కొత్త బిళ్ల మరిచిపోతే ఒక్కరోజులోనే రక్షణ పోతుంది. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల బిళ్లలు భోజనంతోనే వేసుకోవాలి.

కనుక నాగాయలంక, కోడూరు పల్లెల నుంచి పరీక్ష కోసం పదేపదే బందరు బస్సెక్కలేనివారికి సాధారణంగా కొత్తవే అనుకూలం. గుడివాడలోనో బందరులోనో ఉండి, పరీక్ష దగ్గరలో దొరికేవారికి పాతవీ పనికొస్తాయి. గుండెలో లోహపు కవాటం ఉన్నవారికి వార్ఫరిన్ వంటి పాతవే కావాలి. గర్భిణులకు ఈ రెండు రకాల బిళ్లలూ కాక, హెపారిన్ ఇంజెక్షన్లే ఇస్తారు. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

అమ్మా, మీవారికి ఏది రాసినా కనీసం మూడు నెలలు వాడించండి. వాపు తగ్గిందని సొంతంగా మాన్పించకండి. అడగకుండా నొప్పి బిళ్లలు ఇవ్వకండి. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకువెళ్లండి.