ఉప్పు, చక్కెర, నీళ్లు: బడిలో చదివిన పాఠం ఇంటికి రావాలి



వేసవి వచ్చిందంటే మా పిల్లల వార్డులో మంచాలు ఖాళీగా ఉండవు. ఎక్కువమంది విరేచనాలతోనే వస్తారు. ఒక వేసవిలో అలా వచ్చినవారిలో ఏడాదిన్నర బాబు ఒకడున్నాడు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. తల్లి అశ్రద్ధ చేయలేదు. మందుల షాపులో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కొని, కలిపి పట్టించింది కూడా. అయినా బాబు దాహంతో ఏడ్చి ఏడ్చి మగతలోకి వెళ్లాడు. "ఎన్ని నీళ్లలో కలిపావమ్మా?" అని మా సిస్టరుగారు అడిగారు. "ఒక గ్లాసులో కలిపానండి. చిక్కగా ఉంటే బలం కదా" అన్నది ఆ తల్లి. అది లీటరు నీళ్లలో కలపవలసిన ప్యాకెట్టు.

పక్కనే బాబు అక్క నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. "ద్రవాభిసరణం అంటే ఏమిటో చెప్పగలవా పాపా?" అని డాక్టరుగారు అడిగితే, గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్పింది. ఒక్క మాట తప్పలేదు. "మరి తమ్ముడికి పట్టించిన గ్లాసులో ఉన్నది ఆ పాఠమే కదమ్మా" అని ఆయన అంటే ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. బాబు కోలుకొని నాలుగో రోజున ఇంటికి వెళ్లాడు. కాని ఆ చూపును మేము ఇప్పటికీ మరువలేదు.

తప్పు ఆ పిల్లది కాదు, ఆ తల్లిదీ కాదు. పాఠం బడిలో ఉండిపోయింది, ఉప్పూ చక్కెరా వంటింట్లో ఉండిపోయాయి, ప్యాకెట్టు మందుల షాపు నుండి వచ్చింది. ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. మా అభిప్రాయం ఒక్కటే: హైస్కూల్లో చెప్పే జీవశాస్త్రం, రసాయన శాస్త్రం మార్కుల కోసం మాత్రమే కాదు, అవి ఇంటి ఆరోగ్యానికి మొదటి పాఠాలు. వాటిని ఇంటికి తెచ్చుకోకపోతే నష్టపోయేది మనమే.

ఆ పాఠం ఏమిటో చూద్దాం. మాగాయ పెట్టేవారికి ఇది కొత్త కాదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ నీరు మనం పోసింది కాదు, ముక్కల లోపలిది. బయట ఉప్పు ఎక్కువై, కణాల్లోని నీటిని బయటికి లాగింది. ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. లోపల చక్కెర ఎక్కువ కాబట్టి నీరు లోనికి వెళ్లి అది ఉబ్బుతుంది. పలుచన ఉన్నవైపు నుండి గాఢత ఉన్నవైపుకు, కణాన్ని చుట్టి ఉన్న పలుచని పొర గుండా నీరు వెళ్లడమే ద్రవాభిసరణం.

మన పేగుల్లోనూ ఇదే జరుగుతుంది. ఒక లీటరు ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. ఇది 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న కొలత. ఈ ద్రావణం రక్తం కంటే కొంచెం పలుచన, కాబట్టి నీరు పేగు నుండి ఒంట్లోకి సులువుగా వెళుతుంది. అదే ప్యాకెట్టును ఒక్క గ్లాసులో కలిపితే గాఢత అయిదు రెట్లవుతుంది. మామిడి ముక్కకు ఉప్పు పట్టించినట్టే, అది ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి. రక్తంలో ఉప్పు ఎక్కువై మెదడు కణాల నుండి కూడా నీరు బయటికి పోతుంది. ఆ బాబు మగతకు కారణం ఇదే.

చక్కెర ఎందుకని చాలామంది అడుగుతారు. రుచి కోసం కాదు. చిన్నపేగు గోడలోని కణాలకు ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది రెండింటినీ లోనికి పంపుతుంది. వాటి వెనుకే నీరు వెళుతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతి వెల్లడించారు. కలరా సోకినప్పుడు కూడా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఒట్టి నీళ్లు చేయలేని పనిని ఉప్పు, చక్కెర కలిసిన నీళ్లు చేసేది అందుకే.

ఈ చిన్న పాఠం ఎంతమంది ప్రాణాలు కాపాడగలదో 1971లో లోకం చూసింది. బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను నిల్వలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిచి నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం వరకు ఉన్న మరణాలు ఆ చికిత్స పొందినవారిలో 3.6 శాతానికి తగ్గాయి. వారు 2022లో కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వం వారికి పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ శిబిరంలో మందు పట్టించినవారు తల్లులు, అక్కలు, అన్నలు. వైద్యులు వారికి కొలత నేర్పారు, వారు దానిని పాటించారు.

మన ఊళ్లలో "సెలైను ఎక్కించండి డాక్టరుగారూ, ఈ నీళ్లతో ఏం తగ్గుతుంది?" అని అడగనివారు తక్కువ. ఈసారి ఆ సీసా మీద రాసింది చదవండి. మామూలు సెలైను మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాముల ఉప్పు. అర లీటరు సీసాలో 4.5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు కూడా నిండదు. మగతలో ఉండి తాగలేని బిడ్డకు సెలైను ప్రాణాధారమే, అందులో సందేహం లేదు. కాని తాగగలిగిన బిడ్డకు సూది పోటు, ఆస్పత్రి ఖర్చు అవసరం లేదు. శాతం లెక్క నేర్చిన పిల్ల ఇంట్లో ఉంటే ఈ మాట మేము చెప్పనక్కరలేదు, ఆ పిల్లే చెబుతుంది.

కొందరు మాతో అంటుంటారు: "చదువురాని అమ్మమ్మకు ద్రవాభిసరణం ఎందుకండీ? ఎన్ని నీళ్లు పోయాలో చెబితే చాలదా?" ఆ మాటలో కొంత నిజం ఉంది. కంగారులో ఉన్నవారికి పొడవైన ఉపన్యాసం పనికిరాదు. కాని కారణం తెలియని కొలత ఎక్కువకాలం గుర్తుండదు. బజారులో లీటరు ప్యాకెట్టు ఉంది, 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టూ ఉంది. నిన్న చెప్పిన కొలత నేటి ప్యాకెట్టుకు సరిపోకపోవచ్చు. పండ్ల రుచులతో, రంగురంగుల డబ్బాల్లో ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకున్న తీపి పానీయాలను కూడా ఎన్నో ఏళ్లు మనవాళ్లు మందు అనుకొనే కొన్నారు. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజనీ సంతోష్ గారు ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, సరైన కొలత లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. మంచి పని జరిగింది. అయితే కూల్‌డ్రింకులు అంగళ్లలో ఉన్నాయి, వాటిలో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. 13.5 ఎక్కడ, 100 ఎక్కడ? గాఢత అంటే తెలిసిన తల్లి ఆ సీసాను విరేచనాల బిడ్డ నోటికి పెట్టదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. రద్దీగా ఉన్న రోజున ప్యాకెట్టు చేతిలో పెట్టి "నీళ్లలో కలిపి పట్టించండి" అని పంపేసిన సందర్భాలు మాకూ ఉన్నాయి. ఎన్ని నీళ్లో, ఎందుకో చెప్పలేదు. ఇకమీదట ఒక్క నిమిషం ఆగి ఒక లీటరు సీసా చూపించి చెప్పాలని మేము నిశ్చయించుకున్నాము. మేము మరచిపోతే మీరే అడగండి. ఎవరూ కోపగించుకోరు.

తల్లిదండ్రులకు మా మనవి. మీ పిల్లలు సైన్సు పుస్తకం చదువుతుంటే "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని మాత్రమే అడగకండి. "ఇందులో మన ఇంటికి పనికొచ్చేది ఏముంది?" అని కూడా అడగండి. ఎండుద్రాక్షను నీళ్లలో వేయించి చూపించమనండి. "చిన్నపిల్లవు, నీకేం తెలుసు" అనకుండా వినండి. ఉపాధ్యాయులైన మన సంఘ సభ్యులు ఈ పాఠం చెప్పే రోజున తరగతిలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలిపి చూపిస్తే పిల్లలు జన్మలో మరువరు. స్త్రీల సమాజ కూడికల్లోనూ పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు.

గుర్తుంచుకోవలసినవి:

ప్యాకెట్టు మీద రాసినన్ని శుభ్రమైన నీళ్లలో మొత్తం ప్యాకెట్టును ఒకేసారి కలపాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్టు దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో అంచుకు సమంగా కొలిచిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువ వేయకండి.

రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా పట్టించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి.

తల్లిపాలు, మామూలు ఆహారం ఆపకూడదు. డాక్టరు సలహాతో జింకు మందు 14 రోజులు వాడాలి.

ఓ.ఆర్.ఎస్. విరేచనాలను వెంటనే ఆపదు. పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇస్తుంది. తగ్గలేదని మధ్యలో మానకండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకురండి. దారిలో కూడా, తాగగలిగితే, పట్టిస్తూనే ఉండండి.

ఈ పత్రిక చదివిన తరువాత ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే వారి చేతికి ఇవ్వండి. ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ పాఠాన్ని వారి నోటనే వినండి.